పది సెకన్ల గొంతు

ఆగస్టు 4, సోమవారం

ఈరోజు నుంచి నేను మాట్లాడకూడదు. ఆపరేషన్ ఇరవై ఒకటిన. అంతవరకూ నోరు మెదపొద్దు, గుసగుస అసలే వద్దు, అది మాట కంటే చెడ్డది అంది డాక్టరమ్మ. చెప్పేటప్పుడు నా వైపు కాక మా ఆయన వైపు చూసింది. ఆయన భక్తిగా తల ఊపాడు. పెళ్లయిన ముప్పై ఒక్క ఏళ్లలో ఆ ముఖంలో అంత భక్తి నేను గుళ్లో కూడా చూడలేదు.

స్వరతంతువు మీద పాలిప్ అట. బియ్యపు గింజంత. కోసి తీసేస్తే నూటికి తొంభై మందికి పాత గొంతే వస్తుందట, మిగతా పదిమందికి శ్రుతి కాస్త మారొచ్చట. కాస్త అంటే ఎంత అని అడగబోయాను. అప్పటికే మాట్లాడొద్దని చెప్పేసింది.

నిజానికి ఇది జూలై ఇరవై నాలుగునే కావలసింది. ఆడి మాసంలో వద్దని నేనే అన్నాను. నాకలాంటి పట్టింపులు లేవు. చుట్టూ ఉన్న తమిళులు ఆడి మాసంలో కొత్త పని ఏదీ మొదలుపెట్టరు, నలుగురిలో ఉన్నప్పుడు నలుగురి పద్ధతి పాటించాలి కదా అని.

ఏదైనా చెప్పాలంటే రాసి చూపించమంది డాక్టరమ్మ. రాయొచ్చు, చదివేదెవరు? ఈ ఇంట్లో తెలుగు బడికి పోయింది నేనొక్కదాన్నే. ఆయనకి తెలుగు నోట్లో ఉంది, కంట్లో లేదు, చదువంతా తమిళం. మా అమ్మాయి శరణ్యకి ఇంగ్లీషు, తమిళం. నాకేమో తమిళం బస్సు బోర్డు మేరకే వస్తుంది. పొద్దున పలక కొని తెచ్చారు. దాని మీద "పాలు పొంగుతున్నాయి" అని రాసి చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, పలకని అటూ ఇటూ తిప్పి చూసి, "రౌండు రౌండుగా బాగుండాది" అన్నాడు. పాలు పొంగిపోయాయి.

అందుకే ఈ నోటుబుక్కు. డైనింగ్ టేబుల్ మీద తెరిచి పెట్టినా ఎవరూ చదవలేరు. ఇంత సుఖం ఎవరికుంది!

ఇంకో సంగతి. ఆపరేషన్‌కి ముందురోజు నా గొంతు రికార్డు చేస్తారట. పది సెకన్లు. తర్వాత గొంతు వచ్చాక ఇంకో పది సెకన్లు తీసి, రెండూ పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తారట. ఏం చెప్పాలి అని ఆయన అడిగితే ఏదైనా చెప్పండి అంది డాక్టరమ్మ. ఇరవై ఎనిమిదేళ్లుగా డబ్బింగ్ చెబుతున్నాను. మైకు ముందు "ఏదైనా" నేనెప్పుడూ చెప్పలేదు. చేతిలో కాగితం ఉండాలి, ఎదురుగా తెర మీద ఎవరిదో పెదవి కదలాలి.

ఆగస్టు 5

మాట్లాడలేదు.

గ్యాసు సిలిండరు మనిషికి ఓటీపీ చెప్పాను. నాలుగు అంకెలు. అంకెలు మాటల కిందికి రావు.

ఆగస్టు 6, బుధవారం

ఆయన నాకు డబ్బింగ్ చెప్పడం మొదలుపెట్టాడు. నేను చేతులు తిప్పుతాను, పెదాలు కదుపుతాను, ఆయన ఎదుటివాళ్లకి చెబుతాడు.

సాయంత్రం ఎదురు ఫ్లాటు జానకీదేవి గారు వచ్చారు. రాజమండ్రి వాళ్లు, కొడుకు ఉద్యోగం కోసం రెండేళ్ల కిందట ఇక్కడికి చేరారు. ఆవిడ చెప్పుల స్టాండు మా గుమ్మానికి అడ్డంగా ఉంటుంది. దాన్ని జరపమని ఇప్పటికి మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి సైగలతో చెప్పాను, చాలా స్పష్టంగా, కళ్లు కూడా పెద్దవి చేసి.

"మీ చెప్పుల స్టాండు శానా బాగుండాదంట" అన్నాడు ఈయన.

"అయ్యో, మా అబ్బాయి ఆన్‌లైన్‌లో తెప్పించాడండీ. మీకూ ఒకటి చెప్పమంటారా?"

లిప్ సింక్ లేదు, భావం అంతకన్నా లేదు. మా జనార్దనం అయితే ఇలాంటి ఆర్టిస్టుని మొదటి టేకుకే ఇంటికి పంపిస్తాడు. జనార్దనం అంటే మా డబ్బింగ్ స్టూడియో మేనేజరు. తమిళ సీరియల్‌ని తెలుగులోకి మార్చే పని అతనిది. అందులో అత్తగారు మహాలక్ష్మమ్మకి తొమ్మిదేళ్లుగా గొంతు నాది. ఆవిడ ఏడిస్తే రెండు రాష్ట్రాలు మధ్యాహ్నం నిద్ర మానుకుంటాయి.

నెల రోజులకి ఆ పాత్రని శ్రీప్రియ అనే అమ్మాయికి ఇచ్చాడు. బెజవాడ పిల్ల, ఇరవై ఆరేళ్లుంటాయి. "తాత్కాలికమేనమ్మా" అన్నాడు. తాత్కాలికం అంటే నాకు బాగా తెలుసు. ఎవరో పెద్దావిడ కాలు జారి పడితే, తొమ్మిదేళ్ల కిందట నేనూ తాత్కాలికంగానే వెళ్లాను.

ఆగస్టు 7

ఈరోజు నుంచి ఎపిసోడ్‌లో శ్రీప్రియ గొంతు. రెండు గంటలకి టీవీ ముందు కూర్చున్నాం. నేను ఒళ్లంతా చెవులు చేసుకుని విన్నాను. పిల్ల బాగానే చెప్పింది. అంత బాగా చెప్పకుండా ఉండాల్సింది.

ఆయనకి తేడా తెలియలేదు. రెండు నిమిషాలు చూసి, "మోటారు చూసొస్తా" అని మిద్దె మీదికి పోయాడు. ముప్పై నాలుగేళ్లు బస్సు డిపోలో మెకానిక్కుగా చేసిన మనిషికి ఇంజిన్ల చప్పుడు తప్ప ఇంకేం తెలుస్తుంది! మొన్న మార్చిలో మాత్రం "నీ గొంతు సరిలేదు పుష్పా, డాక్టరుకి చూపించు" అని వారం రోజులు నస పెట్టాడు. గుడ్డి ఎద్దు చేలో పడ్డట్టు ఏదో అన్నాడు, నిజమైంది.

ఆగస్టు 8, శుక్రవారం

జానకీదేవి గారు గుమ్మంలోనే ఆపి అన్నారు: "రెస్టు తీసుకోవడం ఎంత మంచిదైందో చూశారా అండీ! నిన్న మహాలక్ష్మమ్మగారి ఏడుపు విన్నాను. గొంతు నిగనిగలాడిపోతోంది. పదేళ్లు తగ్గిపోయారనుకోండి."

నేను ఆయన వైపు చూశాను.

"థ్యాంక్స్ చెప్తా ఉంది" అన్నాడు.

ఆగస్టు 9

మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. ఈ ఇంట్లో అది పూర్తి అంగీకారం. శరణ్య నా పాత గ్రైండరుని వాచ్‌మన్ ఇంటికి ఇచ్చేసింది. వాళ్ల నాన్న అడిగితే "అమ్మా సరి సొల్లిట్టా" అంది తమిళంలో. నేను సరే అన్నానట! నేను చేతులు రెండూ అడ్డంగా ఊపాను. అంటే, తీసుకుపోవచ్చు, దారి ఇవ్వండి అని అర్థం చేసుకుందట.

చెప్పుకోవాల్సింది ఇంకొకటి ఉంది. మూడు రోజులుగా సీరియల్ మొదలవగానే ఆయన మిద్దె ఎక్కుతున్నాడు. ఆగస్టు ఎండ. మోటారు పొద్దున్నే వేసేస్తాం. ఫోను జేబులో పెట్టుకుని పోతాడు, అరగంటకి దిగుతాడు, దిగేటప్పుడు ముఖం తేటగా ఉంటుంది.

నాకేం అనుమానం లేదు. రాసి పెడుతున్నానంతే.

ఆగస్టు 10, ఆదివారం

ఆడ గొంతు.

మెట్ల మలుపు దాకా వెళ్లాను. పైన తలుపు మూసి ఉంది, ఆదివారం కదా, ఎవరో పగలు కూడా మోటారు వేశారు. ఆ చప్పుడులో మాటలు తెలియలేదు కానీ గొంతు తెలిసింది. అవతలి ఆవిడ ఆపకుండా మాట్లాడుతోంది, ఈయన మధ్యమధ్యలో నవ్వుతున్నాడు. నా దగ్గర ఆ నవ్వు ఎన్నాళ్లయింది విని!

నా చెవి గురించి స్టూడియోలో అందరికీ తెలుసు. పక్క గదిలో ఎవరైనా దగ్గితే పేరు చెప్పేస్తాను. ఈ గొంతు నేనెరిగినది కాదు. యాభై దాటిన మనిషి. పై శ్రుతిలో ఎత్తుకుని, ఊపిరి చూసుకోకుండా చివరిదాకా లాక్కుపోయే రకం. అరిచి అరిచి గరుకెక్కింది. రాయపురం చేపల బజారులో బేరాలాడి పెరిగిన గొంతు అయ్యుండాలి. చదువు, శిక్షణ లేవు. జనం గుంపులో ఒక కేక వేయడానికి కూడా నేనయితే పిలవను. పాపం ఆవిడ మొగుడెవరో, ఎలా వేగుతున్నాడో!

అలాంటి గొంతు కోసమా ఈయన ఎండలో మిద్దె ఎక్కేది?

ఆగస్టు 11

మాట్లాడలేదు. ఆయనతో మాట్లాడాలని కూడా లేదు. రెంటికీ తేడా ఆయనకి తెలియదు, అదే నా ఖర్మ.

సాంబారు ఆయనే చేశాడు. కొత్తిమీర వేయలేదు. ఎందుకు వేయలేదని సైగ చేస్తే "కొత్తిమీర తెమ్మని నువ్వు చెప్పలేదే" అన్నాడు. నేనెలా చెబుతాను? ఆయన మార్కెట్‌లో ఉంటే నేను తెలుగులో రాసి పంపినా ఆయన చదవలేడు, తమిళంలో రాయడం నాకు రాదు. స్మార్ట్‌ఫోను కొన్న నాటి నుంచీ మా ఇద్దరి మధ్యా వాట్సాప్‌లో వాయిస్ మెసేజీలే. పాలకీ, పప్పుకీ, కొత్తిమీరకీ నా నోరే. ఇప్పుడు అదీ లేదు.

ఆగస్టు 13, బుధవారం

శ్రీప్రియ దగ్గర నుంచి మెసేజి వచ్చింది. తెలుగు అక్షరాల్లో.

"అమ్మగారూ, ఎలా ఉన్నారు? మహాలక్ష్మమ్మ ఏడుస్తూ మాట్లాడేటప్పుడు మీరు ఊపిరి ఎక్కడ తీసుకుంటారో పట్టుకోలేకపోతున్నానండీ. చెబుతారా, ప్లీజ్?"

పది రోజులుగా పలక మీద, కాగితాల మీద, కరెంటు బిల్లు వెనకాల రాస్తున్నాను. ఇన్నాళ్లకి నా రాత కావాలని అడిగిన మనిషి ఒక్కతే దొరికింది, నా పని తీసుకున్న పిల్ల.

జవాబు ఇవ్వలేదు. చూద్దాం.

ఆగస్టు 14

గొంతు బాగుపడుతోంది. మిరియాల పాలు పనిచేస్తున్నాయి. స్నానాల గదిలో కుళాయి తిప్పి ఒక్కసారి "అమ్మా" అని చూశాను. పరీక్ష చేసుకోవడం మాట్లాడటం కాదు. మొదటి అక్షరం బాగానే వచ్చింది. రెండోది సగంలో చీలింది. కుళాయి చప్పుడు వల్ల అయ్యుండాలి.

తగ్గిపోతుంటే ఇక ఆపరేషన్ ఎందుకు? ఇంకో నెల చూడొచ్చు. పాలిప్ ఉన్నా ఇది నా గొంతే. కోశాక వచ్చేది ఎవరి గొంతో ఏం తెలుసు? ఆ మిగతా పదిమందిలో ఒకదాన్ని అయితే ఆ గొంతుతో ఇంట్లో ఎవరిని పిలవాలి, పిలిస్తే ఎవరు పలుకుతారు? ఆయన సంగతి సరే, ఆయనకి వినడానికి వేరే గొంతు ఉంది.

రేపు డాక్టరమ్మకి ఫోన్ చేసి వద్దని చెప్పాలి. చెప్పేదెలా? ఈయనే చెప్పాలి. ఈయన "శానా సంతోషం, ముందే చేసేయండి" అని చెబుతాడు.

ఆగస్టు 15

శరణ్యకి సెలవు. మిద్దె వైపు చూపించి, చెవి దగ్గర ఫోను పెట్టినట్టు సైగ చేసి, మీ నాన్న ఎవరితో అని అడిగాను.

"పైన సిగ్నల్ బాగుంటుందామా? సరి, నేనూ ఆడికే పోయి ఆఫీస్ కాల్ మాట్లాడతా" అని వెళ్లిపోయింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అనుకుని ఊరుకున్నాను.

ఊరుకోలేదు. ఏడ్చాను. చప్పుడు లేకుండా ఏడవడం ఇంత కష్టమని మహాలక్ష్మమ్మకి గొంతిచ్చిన తొమ్మిదేళ్లలో తెలియలేదు.

ఆగస్టు 17, ఆదివారం

వివరంగా రాయాలి.

రెండు గంటలకి టీవీలో మహాలక్ష్మమ్మ కోడలిని శపించడం మొదలుపెట్టింది. ఆయన లేచాడు. నేను నూట ఇరవై లెక్కపెట్టుకుని వెనకాలే మెట్లెక్కాను. చెప్పులు కూడా వేసుకోలేదు. ఈరోజు మోటారు లేదు. తలుపు ఓరగా తెరిచి ఉంది. ఆయన నీళ్ల ట్యాంకు నీడలో గట్టు మీద కూర్చుని ఉన్నాడు, ఫోను మోకాలి మీద పెట్టుకుని.

ఆవిడ మాట్లాడుతోంది.

"యోవ్, ఆడ ఏం జేస్తా ఉండావు? అరగంటాయె పోయి! కొత్తిమీర ఏరి తీసుకో, పోయినతూరి మాదిరి గడ్డి తేవద్దు. ఎండలో యాల తిరగతా ఉండావు, తలకి తువ్వాలేసుకో. సీక్రం రా. కొత్తిమీర లేకుండా వస్తివా, ఆడనే ఉండిపో!"

ముందు అనుకున్నాను, ఈవిడకీ కొత్తిమీర పిచ్చేనా అని. తర్వాత అనుకున్నాను, ఈవిడ కూడా గడ్డి అనే అంటుందే అని. ఆ తర్వాత ఇంకేం అనుకోనక్కర్లేకపోయింది, ఆవిడ నేనే.

ఇరవై ఎనిమిదేళ్లుగా నా గొంతు నేను విన్నది స్టూడియోలోనే. బెజవాడ తెలుగులో, రాతలో ఉన్నట్టు, మహాలక్ష్మమ్మ లాగానో మంత్రిగారి భార్య లాగానో. ఇంట్లో తిట్టే గొంతుని ఎవరైనా తిరగేసి వింటారా? పంపిన మెసేజిని నేనెన్నడూ మళ్లీ నొక్కి వినలేదు. పక్క గదిలో దగ్గితే పేరు చెప్పే మనిషిని!

ఆయన తల తిప్పి చూశాడు.

"మెట్లెందుకు ఎక్కినావే? చెప్పులేవి? కాలు కాలదా?"

నేను ఫోను వైపు చూపించాను.

"నీదేలే. అన్నీ ఉండాయి. ఫోను నిండిపోయిందని తీసేయమనింది శరణ్య. నేను తీయలా." ఫోను తుడిచి మళ్లీ మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఆ టీవీలో పిల్ల బాగానే చెప్తా ఉంది. అయితే దాన్ని వింటే మనింట్లో ఇంకెవరో కూర్చోనుండేట్టు ఉంటాది నాకు. అందుకే పైకి వచ్చేస్తా."

మొదటి రోజే తెలిసిందన్నమాట. రెండు నిమిషాల్లో.

నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రెండు మెసేజీలు వినిపించాడు. "ఇది పోయిన దీపావళికి. విన్యావా? ఇప్పుడు విను, ఇది మార్చి. 'తువ్వాలు' అన్యావు చూడు, ఆడ లోపల ఏదో గీరకపోతా ఉండాది. బండి స్టార్ట్ జేస్తానే చెప్పేస్తాను గదా ఏ పార్టు పోయిందో. అప్పుడే చెప్పినా నీకు. డ్యామేజి పార్టు పెట్టుకోని బండి తోలితే రోడ్డు మింద నిలిచిపోతాది. అంతే."

నేను విన్నాను. దీపావళి గొంతు గట్టిది, అల్లరిది, అంచు చెదరనిది. మార్చి గొంతు చివర్లో చీలుతోంది. మిరియాల పాలతో పోయేది కాదు అది. నా చెవికి తెలిసిపోయింది. ఆయన చెవికి ఐదు నెలల ముందే తెలుసు.

పిట్టగోడ మీద దుమ్ము ఉంది. వేలితో "భయంగా ఉంది" అని రాశాను. ఆయన తల వంచి చాలాసేపు చూశాడు.

"రౌండు రౌండుగా బాగుండాది" అన్నాడు. తర్వాత, "భయపడతా ఉండావా?" అని అడిగాడు.

తల ఊపాను. డబ్బింగ్ అవసరం లేకపోయింది.

ఆగస్టు 18

పదో తేదీన రాసినదాంట్లో "ఒక కేక వేయడానికి కూడా నేనయితే పిలవను" అన్న మాట కొట్టేయాలనుకున్నాను. చదివి చూస్తే మిగతాదంతా నిజమే. ఉంచేశాను. మొగుడెలా వేగుతున్నాడో అన్న దాని కింద మాత్రం గీత గీశాను.

ఆగస్టు 19, మంగళవారం

జనార్దనం ఫోన్ చేశాడు. ఆయన స్పీకరులో పెట్టాడు.

"నిదానంగా రండమ్మా. తొందరేం లేదు. శ్రీప్రియ కుదురుకుంది."

తొందరేం లేదట. ఆ కాలు జారిన పెద్దావిడకి కూడా ఎవరో ఇలాగే చెప్పి ఉంటారు. ఆవిడ పేరు కూడా నాకు గుర్తులేదు. మనసు కలుక్కుమంది, ఎందుకు దాచాలి!

సాయంత్రం శ్రీప్రియకి జవాబు రాశాను. "ఏడుపులో ఊపిరి మాటకి ముందు తీసుకోకూడదమ్మా, మాట మధ్యలో విరగ్గొట్టి తీసుకోవాలి. నిజంగా ఏడ్చేవాళ్లు ఎవరూ ముందుగా ఊపిరి తీసుకుని ఏడవరు. పదిహేనో తేదీన నేను సరిచూసుకున్నాను."

"థ్యాంక్యూ అమ్మగారూ. ఆపరేషన్ అయ్యాక మీకు వినిపిస్తాను, తప్పులు చెప్పండి" అని రాసింది. మంచి పిల్ల. అదే చికాకు.

ఆగస్టు 20, బుధవారం

ఆసుపత్రి గది. రేపు ఉదయం ఏడింటికి.

మధ్యాహ్నం గొంతు రికార్డు చేశారు. చిన్న గది, గోడలకి గుడ్డ తొడుగు, మైకు. ఆ వాసన నాకు తెలిసినదే. రికార్డు చేసే అమ్మాయి పేరు ప్రీతి. ఆయన మూలన ప్లాస్టిక్ కుర్చీలో నా సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

నేను పదహారు రోజులు ఆలోచించి తయారు చేసుకున్నాను. మహాలక్ష్మమ్మ కోర్టు మెట్ల మీద చెప్పే డైలాగు. సరిగ్గా పది సెకన్లు. ఏ అక్షరమూ జారదు. పోతే పోయే గొంతు, గొప్పగా పోవాలని.

"ఇంట్లో రోజూ మాట్లాడేది ఏదైనా చెప్పండి ఆంటీ. అదే చాలు" అంది ప్రీతి తమిళంలో.

ఎర్ర లైటు వెలిగింది. చేతిలో కాగితం లేదు, ఎదురుగా తెర లేదు. ఎవరిదైనా పెదవి కదులుతుందేమోనని వెతికాను. కనిపించింది ఆయన ముఖం ఒక్కటే. తలుపు సందులోంచి పిల్లి ఎప్పుడు దూరుతుందా అని చూసే కోడిపెట్టలా కూర్చుని ఉన్నాడు. పొద్దున్నుంచి ఏమీ తినలేదు, నాకు తెలుసు.

మైకు దగ్గరికి జరిగాను.

"యోవ్, ఏంది అట్ల చూస్తా ఉండావు? పోయి రెండు ఇడ్లీలు తిను. రేపు నేను కండ్లు తెరిచేతలికి నువ్వు ఈడనే ఉండాల, సరియా? కాపీ అనీ కొత్తిమీర అనీ యాడికన్నా పోతివా, ఆడనే ఉండిపో!"

చివర్లో చీలింది. చీలనీ అనుకున్నాను. పదకొండు సెకన్లు పట్టింది, ఒక సెకను ఎక్కువ.

ప్రీతికి తెలుగు రాదు. ఆమె కంప్యూటరులో గీతలు చూసుకుని, వచ్చింది అని బొటనవేలు ఎత్తింది. ఆయన కుర్చీలోంచి లేచాడు. సంచి కింద పెట్టి, జేబులోంచి ఫోను తీసి, ఆమె దగ్గరికి వెళ్లి తమిళంలో మెల్లగా అడిగాడు, అది నా వాట్సాప్‌కి కూడా పంపిస్తావా అమ్మా అని.